చెయ్యి విరిగిన లక్ష్మి

మా అమ్మ దేవుని గూట్లో వేలెడంత ఇత్తడి లక్ష్మి ఉండేది. పెండ్లినాడు వాళ్ల అవ్వ కొంగులో కట్టి పంపిన బొమ్మ. మా ఇంటి దేవుడు వేములవాడ రాజన్న. పుట్టువెంట్రుకలైనా, కోడె మొక్కైనా ఆయనకే. ఆడపిల్ల అత్తగారింట్లో కాలు పెట్టగానే ఇంటిపేరుతో పాటు ఇలవేల్పు కూడా మారిపోతుంది కదా! అందుకే అమ్మ పుట్టింటి లక్ష్మి ఎప్పుడూ వెనక వరసలో, రాజన్న పటం చాటునే ఉండేది. దాదాపు నలభై ఏండ్లు శుక్రవారం శుక్రవారం చింతపండుతో తోమితోమి దాని కండ్లు, ముక్కు ఆనవాలు లేకుండా అరిగిపోయాయి. ఒకరోజు అట్లా తోముతుండగానే పై చెయ్యి ఒకటి విరిగి అమ్మ చేతిలోకి వచ్చింది. అమ్మ ఎవరికీ చెప్పలేదు. విరిగిన ముక్కను కుంకుమ భరిణెలో దాచి, బొమ్మను మళ్లీ పటం వెనకే నిలబెట్టింది.

నాన్న పోయిన రెండో ఏడు తమ్ముడు కరీంనగర్‌లో ఇల్లు కట్టుకున్నాడు. గృహప్రవేశం నాడు తెల్లవారుజామున దేవుని సామాను సర్దుతుంటే బొమ్మ మేనత్త కంటబడింది. "ఇరిగిన దేవుణ్ని కొత్తింట్ల పెడతరా వదినె? అరిష్టం. గంగల కలిపెయ్యి" అన్నది. మా వైపు గోదావరిని గంగ అనే అంటాం. ఆ మాట పూర్తి కాకముందే, "నువ్వు గూడ జర ఆగు. కోడలు పాలు పొంగిచ్చినంక లోపటికి రా" అన్నది.

రెండు మాటలూ ఒకే గొంతుతో, ఏ కోపమూ లేకుండా అన్నది. అమ్మ రెంటికీ తలూపింది. కట్టె పట్టుకొని మేస్త్రీల వెంట తిరిగి ఆ ఇంటిని కట్టించిన మనిషి, గడప బయట కొబ్బరికాయల సంచి పక్కన నిలబడింది. సాహిత్యంలో డాక్టరేట్ చేసి, స్త్రీల గురించి ఎన్నో పేజీలు రాసిన నేను హారతి పళ్లెం పట్టుకొని లోపలే ఉన్నాను. ఒక్క మాట అనలేదు. ఈ వ్యాసం ఆ మౌనానికి నేను చెప్పుకుంటున్న సంజాయిషీ కూడా.

అత్త చెడ్డమనిషి కాదు. భర్త పోయాక తన కొడుకు ఇంటి గడప బయట ఆమె కూడా అట్లాగే నిలబడింది. "నేను నిలవడలేదా?" అని తర్వాత నాతో అన్నది. తాము పడిన నియమాన్ని తర్వాతి ఆడవాళ్లకు అప్పజెప్పే పని మన ఇండ్లల్లో ఎక్కువగా ఆడవాళ్ల మీదే పడుతుంది.

ఇంతకూ విరిగిన బొమ్మ ఇంట్లో ఎందుకు ఉండకూడదు? నేను పుస్తకాలు వెతికాను. ఇంట్లో పూజించే ప్రతిమ బొటనవేలి కణుపంత నుంచి జానెడు దాకా ఉండాలంటుంది మత్స్యపురాణం. పెద్ద బొమ్మకు గుడిలోలాగా పెద్ద సేవ కావాలి, సంసారులకు అది కుదరదు అని పెద్దవాళ్లు చెప్పే కారణం సబబుగానే ఉంది. కానీ ఆరో శతాబ్దంలో వరాహమిహిరుడు రాసిన బృహత్సంహితలో ప్రతిమల లోపాలకు ఒక పట్టికే ఉంది. పొట్ట లోపలికి పోతే ఆకలి భయం, ఒళ్లు సన్నగిల్లితే ధననష్టం, కుడికి ఒరిగితే ఆయుష్షు తగ్గుతుంది, ఎడమకు ఒరిగితే భార్యకు చేటు. ఆ చివరి మాట దగ్గర ఆగిపోయాను. ఆయుష్షు ఎవరిది? భార్య ఎవరికి? ఆ పుస్తకం ఎవరితో మాట్లాడుతున్నదో అక్కడ తెలిసిపోతుంది. దానికి వినేవాడు యజమాని. భార్య అతను పోగొట్టుకోగల వాటిలో ఒకటి. రోజూ ఆ బొమ్మను తోమి, దీపం పెట్టే మనిషి లెక్కలోనే లేదు.

అయినా ఈ నియమం వెనక ఉన్న ఆలోచనను తేలిగ్గా కొట్టిపారేయలేం. బొమ్మ దేవుడికి ఒక ఒళ్లు. ఒళ్లు పాడైతే ప్రాణం ఉండదు. అప్పుడు దాన్ని నీటికో మట్టికో అప్పగించడం అవమానం కాదు, మర్యాద. పూరీలో జగన్నాథుడి కొయ్య విగ్రహాన్ని సైతం నవకళేబరం నాడు మట్టిలో కలిపి కొత్తది నిలుపుతారు. 2015లోనూ చేశారు. కానీ మన గూళ్లలో ఉన్న బొమ్మలకు చాలావాటికి ఎవరూ మంత్రాలతో ప్రాణం పోయలేదు. జాతరలో కొన్న బొమ్మ ఒక ఆడమనిషి చేతిలో రోజూ కడిగించుకొని, బొట్టు పెట్టించుకొని, ఆమె కష్టాలు విని దేవత అయింది. ప్రాణం పోసింది ఆ చేతులైతే, పోయిందని చెప్పాల్సింది మాత్రం వేరేవాళ్లా?

1855లో కలకత్తా దగ్గరి దక్షిణేశ్వరంలో ఇదే ప్రశ్న వచ్చింది. పూజారి కాలుజారి పడితే కృష్ణుడి విగ్రహం పాదం విరిగింది. గంగలో కలిపి కొత్తది పెట్టమన్నారు పండితులు. గుడి కట్టించిన రాణి రాస్మణికి మనసొప్పలేదు. ఆమె శూద్ర కులంలో పుట్టిన వితంతువు. అప్పుడు రామకృష్ణుడు, రాణి అల్లుడికి కాలు విరిగితే పారేసి ఇంకో అల్లుణ్ని తెచ్చుకుంటారా, వైద్యం చేయిస్తారా అని అడిగాడట. తనే పాదాన్ని అతికించాడు, పూజ సాగింది. నాకు ఇష్టమైన కథ ఇది. అయితే ఆ పోలిక ఎందుకంత సూటిగా తగిలిందో గమనించండి. అల్లుణ్ని ఎవరూ పారేయరు. అదే కోడలి కాలు విరిగితే అని అడిగి ఉంటే? మన ఊళ్లలో ఆ ప్రశ్నకు వేరే జవాబు కూడా వినబడుతుంది. మంగళం, అమంగళం అనే మాటలు బొమ్మకూ ఆడదానికీ ఒకే తక్కెడలో తూస్తాయి.

గృహప్రవేశం తర్వాత బొమ్మను నేను తీసుకుంటానన్నాను. పుస్తకాల అరలో పెట్టుకోవచ్చని నా ఆశ. అమ్మ ఒప్పుకోలేదు. అప్పుడు నాకు ఉషేగాం గుర్తుకొచ్చింది. నా పరిశోధన పనిమీద ఒకసారి ఆదిలాబాద్ అడవి వైపు వెళ్లినప్పుడు చూసిన ఊరు అది. జైనూరు మండలంలో, ఇప్పుడు కుమ్రం భీం ఆసిఫాబాద్ జిల్లాలో ఉంది. అక్కడి ఓజలు గోండులకు దేవతా ప్రతిమలు, గంటలు, దీపాలు పోతపోస్తారు. 2018లో ఆదిలాబాద్ డోక్రాకు భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. మట్టిముద్ద మీద మైనంతో రూపం దిద్ది, పైన మళ్లీ మట్టి పూసి కాలుస్తారు. మైనం కరిగి పోయిన ఖాళీలో కరిగించిన లోహం పోస్తారు. తర్వాత అచ్చును పగలగొడితేనే దేవుడు బయటికి వస్తాడు. అందుకే ఏ రెండు బొమ్మలూ ఒకటి కావు. అక్కడ ఒక పెద్దాయనను, విరిగితే ఏం చేస్తారని అడిగాను. "కరగబోస్తం. మళ్ల దేవుడైతడు" అన్నాడు. ఆ ఊళ్లో పగలడమంటే అరిష్టం కాదు, పని.

అమ్మతో ఈ సంగతి ఉత్సాహంగా చెప్పాను. లక్ష్మిని అక్కడ మళ్లీ పోతపోయిద్దామన్నాను. "కరగవోస్తె మా అవ్వ తోమిన ముఖం పోదాయె బిడ్డా?" అన్నది. సిగ్గేసింది. అత్త నీళ్లలో వేయమన్నది, నేను అరలో పెడతానన్నాను, నిప్పుల్లో వేస్తానన్నాను. ఆమెకు ఏం కావాలో మేమిద్దరమూ అడగలేదు.

అమ్మకు వదులుకోవడం తెలియక కాదు. ఎంగిలిపూల నుంచి సద్దుల దాకా తొమ్మిది రోజులు గునుగు, తంగేడు పేర్చి, తన చేత్తో పసుపు గౌరమ్మను చేసి, పొద్దుగూకినంక చెరువుకు అప్పజెప్పి నవ్వుకుంటూ ఇంటికొచ్చే మనిషి. తను చేసిన దేవతను తనే సాగనంపుతుంది. అది వీడ్కోలు. ఇంకొకరు తియ్యమంటే తీస్తే అది వెళ్లగొట్టడం. నీళ్లు అవే, మంత్రం అదే, తేడా అంతా ఎవరు నిర్ణయించారన్నదే. నాన్న పోయిన ఏడాది కూడా అమ్మ బతుకమ్మ పేర్చింది. చెరువు దగ్గర గౌరమ్మ పసుపు పంచేటప్పుడు మాత్రం ఆమె చేతిలో ఎవరూ పెట్టలేదు. తను చేసిన పసుపే అది.

కొన్ని రోజుల తర్వాత తమ్ముడి ఇంటికి పోయాను. పొద్దున్నే వంటింట్లో అమ్మ బియ్యం డబ్బాలో చెయ్యి పెట్టి ఒక్క క్షణం కండ్లు మూసుకోవడం చూశాను. వంగి చూస్తే బియ్యంలో సగం మునిగి లక్ష్మి. "గూట్ల పెట్టద్దన్నరు గని, బియ్యంల పెట్టద్దని ఎవలన్నరు?" అని నవ్వింది.

దీన్ని గెలుపు అనలేను. లక్ష్మి మళ్లీ చాటునే ఉంది, అమ్మ కూడా. పోయినసారి గడప లోపల హారతి పళ్లెం పట్టుకొని ఊరుకున్నదాన్ని, ఈసారి ఆ ఇంట్లో శుభకార్యం జరిగితే అమ్మతో పాటు బయట నిలబడతాను, లేదా ఆమె చెయ్యి పట్టుకొని లోపలికి పోతాను. ఏది కావాలో ముందుగా ఆమెను అడుగుతాను. ఎప్పుడైనా ఆమెకే ఆ బొమ్మను గంగలో వదలాలనిపిస్తే, ధర్మపురి రేవు దాకా తోడు వెళ్తాను.