నేపాళ మాంత్రికుడి పక్షాన

సినిమాలో మంచి గెలవడం నాకెప్పుడూ పెద్ద విషయం కాలేదు. పైకి మాత్రం అందరితో పాటు ఈలలు వేశాను, కాగితాలు ఎగరేశాను. ఉద్యోగం అయిపోయి, పొద్దుపోక పాత సినిమాలు వరసబెట్టి చూస్తున్న ఈ రోజుల్లో నా అసలు రుచి నాకు తేటగా కనబడుతోంది. ‘పాతాళభైరవి’లో తోటరాముడు తెరమీద ఉన్నంతసేపూ నేను మాంత్రికుడి కోసం కాచుకుని ఉంటాను. ఉజ్జయిని ఉద్యానవనంలో పాట మొదలైతే నా వేలు దానంతటదే ఫోను మీదికి పోయి బొమ్మను ముందుకు జరుపుతుంది. మాంత్రికుడి గుహ రాగానే ఆగుతుంది.

మన భాషలో సూపర్‌హీరో సినిమా ఏదంటే ఈకాలం పిల్లలు 2024లో వచ్చిన ‘హనుమాన్’ పేరు చెబుతారు. కాస్త వెనకటివాళ్లయితే ఎన్టీఆర్ 1980లో చేసిన ‘సూపర్‌మాన్’ గుర్తుచేసి నవ్వుతారు. నా లెక్క వేరు. తోటమాలి కొడుక్కి కోరిందిచ్చే ప్రతిమ దొరకడం, అది దుర్మార్గుడి చేతికి పోవడం, మనిషిని మాయం చేసే శాలువా, తలచిన చోటికి చేర్చే చెప్పులు, చివరికి విలన్ బలమంతా గడ్డంలో ఉందని తెలియడం. ఆ జాతి సినిమాకి ఇంకేం కావాలి? అన్నీ 1951 మార్చిలో వచ్చిన ‘పాతాళభైరవి’లోనే ఉన్నాయి. కె.వి.రెడ్డి దర్శకత్వం, పింగళి నాగేంద్రరావు రచన, మార్కస్ బార్‌ట్లీ కెమెరా. అయితే నన్ను పట్టుకున్నది కథ కాదు. ఆ గుహ తీరు. మాంత్రికుడు వేసిన ఎస్వీ రంగారావు ముఖాన పడీ పడని వెలుతురు, పొగ, ఎక్కడ అంతమవుతుందో తెలియని గోడ. ఆ సినిమా వచ్చేనాటికి ఆయన వయసు 32. ఆ గడ్డం, ఆ చూపు, ఆ నీడ కలిసి ఆయనకు వెయ్యేళ్ల వయసిచ్చాయి. ఎదురుగా తోటరాముడిగా నిలబడ్డ ఎన్టీఆర్ ఎంత అందగాడైనా ఆ చోటికి చుట్టపుచూపుగా వచ్చినవాడే. ఇల్లు మాంత్రికుడిది.

నేను వేమూరు వైపు పల్లెలో పుట్టాను. డిగ్రీ బాపట్లలో చదివాను. గుమాస్తాగిరీ ఎక్కువ కాలం రేపల్లెలో. ఈ మూడూళ్ల మధ్య నేల ఎలా ఉంటుందో చూసినవాళ్లకు చెప్పక్కర్లేదు. తెనాలిలో రేపల్లె బండెక్కి కిటికీ దగ్గర కూచుంటే దిగేదాకా ఒక్క మిట్ట కనబడదు. వరి, కాలవగట్టు, తాడిచెట్ల వరస, మళ్లీ వరి. బాపట్ల దాటి సూర్యలంక పోయినా అంతే, నేల బదులు నీళ్లు. మా వైపు దాక్కోవడానికి చోటు లేదు. ఎవరు ఎవరింటికి పోతున్నారో అరమైలు దూరాన్నుంచే తెలిసిపోతుంది. అప్పులాయన వస్తుంటే ఇంట్లో లేనని చెప్పించడానికి మా నాన్నకు బోలెడు వ్యవధి ఉండేది. అలాంటి చోట పెరిగినవాడికి గుహ అంటే మోజు పుట్టడంలో వింతేముంది అనుకునేవాణ్ని. గుట్టు లేని నేల మీద పుట్టాను, గుట్టు కోసం సినిమాకి పోయాను. చాలాకాలం ఈ సమాధానంతో తృప్తిగానే ఉన్నాను.

తమాషా ఏమిటంటే, ఆ గుహని కట్టినవాళ్లూ మావాళ్లే. ‘పాతాళభైరవి’ కళాదర్శకులు ఇద్దరు, గోఖలే, కళాధర్. మాధవపెద్ది గోఖలేది తెనాలికీ బాపట్లకీ మధ్య ఉన్న బ్రాహ్మణకోడూరు. ‘బల్లకట్టు పాపయ్య’ లాంటి మట్టివాసన కథ రాసిన మనిషి, పాతాళానికి బొమ్మ గీశాడు. నిర్మాతల్లో ఒకరైన చక్రపాణి తెనాలి ఆయన. ఆయనా తోటి నిర్మాత నాగిరెడ్డీ కలిసి 1947లో మొదలుపెట్టిన ‘చందమామ’ పత్రికని 1952 నుంచి 1980లో పోయేదాకా నడిపిన కొడవటిగంటి కుటుంబరావుదీ తెనాలే. అందులో ‘తోకచుక్క’, ‘ముగ్గురు మాంత్రికులు’, ‘పాతాళదుర్గం’, ‘శిథిలాలయం’ సీరియల్స్ రాసి పిల్లలకి నిద్రపట్టకుండా చేసిన దాసరి సుబ్రహ్మణ్యం కూడా ఆ పక్క పల్లెటూరి మనిషే. కొండలూ లోయలూ చూసిన అనుభవంతో పుట్టిన ఊహలు కావివి. చదునైన చేలల్లో తిరిగినవాళ్లు మద్రాసులో కూచుని కల్పించిన లోయలు. కాబట్టే అవి ఏ భూగోళానికీ చెందవు. గోఖలే గుహలో గబ్బిలాల కంపు రాదు, కాలు జారే నాచు లేదు. బెరుకు ఒక్కటే ఉంది. భయానికి ఎంత కావాలో అంతే రాయి పెట్టాడాయన.

ఇక్కడ ఒక చిక్కుంది. నా గుహా గోఖలే గుహా ఒకటేనా అన్నది.

నేను ఆ సినిమాను మొదట చూసింది 1960ల్లో, టూరింగు హాల్లో, నేల టికెట్టు మీద. అప్పటికే అది ఎన్ని ఊళ్లు తిరిగిన కాపీయో, ఎడాపెడా గీతలు. ఆ రోజుల్లో ప్రొజెక్టరులో బల్బు ఉండేది కాదు, రెండు కార్బన్ కడ్డీలు ఎదురెదురుగా పెట్టి కరెంటిస్తే మధ్యన మంట లేచేది. కడ్డీలు అరిగేకొద్దీ దగ్గరికి జరుపుతుండాలి. కాస్త ఏమరితే బొమ్మ పసుపుగానో నీలంగానో మసకబారుతుంది. మా ఊరి ఆపరేటరు పొదుపరి. చిట్టచివరి అంగుళం దాకా కడ్డీని వాడేవాడు. నేల జనం “ఒరే, వెలుగు!” అని అరిచేవాళ్లు. నేను అరిచేవాణ్ని కాదు. ఆ మసకలో మాంత్రికుడి వెనక గోడ పూర్తిగా మాయమయ్యేది. కళ్లూ, గడ్డం అంచూ మాత్రమే మిగిలేవి.

ఇప్పుడు ఫోన్లో అదే దృశ్యం శుభ్రంగా కనబడుతోంది. గోడ ఉంది. గోడ మీద చేసిన పనితనం కూడా తెలుస్తోంది. బార్‌ట్లీ ఏదీ దాచలేదు, కావలసినవన్నీ కంటికి ఆనేట్టే వెలిగించాడు. నీడల్లో సైతం గీతలు విడివిడిగా ఉన్నాయి. నేను ఇన్నేళ్లు బార్‌ట్లీ ఖాతాలో వేసిన చీకట్లో సగం కార్బన్ ఖర్చుకు జడిసిన ఆపరేటరు పుణ్యం. మిగతా సగంలో కొంత నాది. ఇది తెలిశాక ఆ సినిమా మీద మమకారం తగ్గలేదు సరిగదా, ఫోనులో వెలుగు తగ్గించి చూడటం మొదలుపెట్టాను. కళ్లు పోతాయని మా ఆవిడ కేకలేస్తుంది. 2010లో ‘మాయాబజార్’కి రంగులద్ది విడుదల చేసినప్పుడు అందరూ మెచ్చుకుంటుంటే నాకు మనసొప్పకపోవడానికి కారణం కూడా ఇదే అయివుంటుంది. పాతదానికి అపచారమని అప్పట్లో వాదించాను గానీ, అంత పెద్ద సిద్ధాంతమేమీ లేదు నా దగ్గర. ఘటోత్కచుడి చుట్టూ నేను ఊహించుకునే ఖాళీని రంగు వచ్చి నింపేసింది, అంతే.

తెనాలి ప్రాంతంలో పుట్టి కృష్ణ అభిమాని కాకుండా ఉండటం కుదిరేది కాదు. ఆయన పుట్టిన బుర్రిపాలెం తెనాలికి కూతవేటు. ‘మోసగాళ్లకు మోసగాడు’ వచ్చిన 1971లో నేను కుర్రవాణ్ని. వి.ఎస్.ఆర్.స్వామి కెమెరా, రాజస్థాన్ ఎడారి, టోపీ, గుర్రం, ఎండ. ఎంత ఎండంటే తెర చూస్తుంటే దాహమేసేది. చదును నేల మనిషి ఇంకో చదును నేల మీద గుర్రం తోలుతున్నాడని మావాళ్లంతా పొంగిపోయారు. ఆ ధైర్యం గొప్పది, ఒప్పుకుంటాను. తెలుగువాడికి కౌబాయ్ టోపీ పెట్టి జనాన్ని ఒప్పించడం చిన్న పనా! కానీ హాలు బయటికొచ్చి అందరూ కృష్ణ నడక నడుస్తుంటే నేను వెనకబడి నడిచేవాణ్ని. ఆ ఎండలో నాకు చోటు లేదనిపించేది. హీరోని నిలువెల్లా వెలిగించే సినిమా చూసినప్పుడల్లా నాకు ఇదే ఇబ్బంది. 1978 అమెరికా ‘సూపర్‌మాన్’ తర్వాతెప్పుడో చూశాను, ఆకాశం అందంగా ఉంది, చూసి ఊరుకున్నాను. 1989 ‘బాట్‌మాన్’ మా అబ్బాయి పెట్టి చూపిస్తే మాత్రం లేవలేదు. ఆంటన్ ఫర్స్ట్ అనే ఆయన లండన్ దగ్గర పైన్‌వుడ్ స్టూడియోలో గోథమ్ నగరాన్ని కట్టి ఆస్కార్ తెచ్చుకున్నాడు. ఆ వీధుల్లో పైకి చూస్తే ఆకాశం అందదు. అక్కడ హీరో కూడా నల్లగా ఉంటాడు, గుహలో కాపురముంటాడు. నేపాళ మాంత్రికుణ్నే మంచివాణ్ని చేసి అవతలి పక్కకు పంపారనిపించింది. నా పక్షపాతానికి పెద్దల ఆమోదం దొరికినట్టు సంబరపడ్డాను.

చీకటంటే ఇష్టమని చెప్పుకునేవాడు అసలు చీకటి చూసి ఉండాలి. నేను 1990లో చూశాను. మే 9న చిరంజీవి ‘జగదేకవీరుడు అతిలోకసుందరి’ విడుదల. ఉంగరం, ఇంద్రుడి కూతురు, మాంత్రికుడిగా అమ్రిష్‌పురి, మళ్లీ నాకు కావలసిన సరుకే. అదే రోజు తుపాను కృష్ణానది సముద్రంలో కలిసేచోటికి దగ్గర్లో తీరం దాటింది. రేపల్లెలో మా అద్దింట్లో కూచున్నాం. కరెంటు పోయింది, తర్వాత లాంతరు ఆరిపోయింది, పెంకులు ఒక్కొక్కటే లేచిపోతున్నాయి. పక్కన మా ఆవిడ ఉందో లేదో చేత్తో తడిమి చూసుకోవలసి వచ్చింది. ఆ చీకట్లో ఆకారం లేదు, అంచు లేదు, ఊహకి పట్టు దొరకలేదు. గుహ గుర్తు రాలేదు. పిల్లవాడి కాలు గట్టిగా పట్టుకోవడం తప్ప బుర్రలో ఇంకేం లేదు. రోజుల తరబడి ఊళ్లోకి వస్తున్న చావుకబుర్లు విన్న తర్వాత గానీ నాకు తట్టలేదు, నేను ఇష్టపడేది చీకటిని కాదని. ఎవరో లెక్కగా దీపాలు పెట్టి, క్షేమమైన దూరంలో నన్ను కూచోబెట్టి, చూపించే చీకటిని. డబ్బులిచ్చి కొనుక్కునే భయాన్ని. గుట్టు లేని నేల, గుట్టు కోసం సినిమా అని నాకు నేను చెప్పుకున్న కథ అక్కడ తేలిపోయింది. గుట్టు కాదు నాకు కావలసింది. బలం ఉన్న మనిషిని, నన్ను తాకలేని దూరంలో పెట్టి, మంచి వెలుతురులో చూడటం.

మాంత్రికుడి పక్షం ఎందుకు వహిస్తానన్నదీ దీంతోనే తేలుతుంది. తోటరాముడికి బలం దొరికింది, మాంత్రికుడు బలం కోసం బతికాడు. బలాన్ని ఎలా మోయాలో, ఏ గొంతుతో మాట్లాడాలో, ఎక్కడ నిలబడాలో తెలిసినవాడు ఆయన. ఆఫీసులో కూడా నాకు మంచి అధికారుల కంటే దర్జా ఉన్న అధికారులే గుర్తున్నారు. తలుపు తెరవగానే బల్ల వెనక నుంచి తల ఎత్తకుండా రెండు క్షణాలు నిలబెట్టే మనుషులు. వాళ్ల వల్ల నేను ఇబ్బందులు పడ్డాను, అయినా లోలోపల మెచ్చుకున్నాను. ఇది గొప్ప గుణం కాదని తెలుసు. మార్చుకునే వయసు కూడా దాటింది.

ఆ తుపానుకి ఏడేళ్ల ముందు సంగతి ఒకటి ఇప్పుడు వేరుగా అర్థమవుతోంది. 1983 జనవరి ఎన్నికలకు ముందు ఎన్టీఆర్ ప్రచార వ్యాను చైతన్యరథం మా వైపు వచ్చింది. పొద్దున వస్తారన్నారు, రాత్రి బాగా పొద్దుపోయాక వచ్చారు. జనం చలికి గడ్డి తగలబెట్టుకుని కూచున్నారు. దూరాన లైట్లు, ధూళి, ఆ ధూళిలో వ్యాను, వ్యాను మీద ఖాకీ బట్టల్లో మనిషి. కింది నుంచి వెలుతురు ముఖం మీద పడుతోంది, వెనకంతా నలుపు. తోటరాముడి వేషం వేసిన ఆ మనిషే మాంత్రికుడి వెలుతురులో నిలబడ్డాడు. నాకు ఒళ్లు జలదరించింది. చేతులెత్తి అరిచాను, టూరింగు హాల్లో ఎన్నడూ అరవనంత. ఓటు కూడా ఆయనకే వేశాను.

ఆ రాత్రి ఆయన ఏం మాట్లాడారని మా అబ్బాయి ఒకసారి అడిగితే ఒక్క మాటా చెప్పలేకపోయాను. లైట్లు ఎటు నుంచి పడ్డాయో మాత్రం బొమ్మ గీసి చూపించగలను. నా పక్కన నిలబడ్డ కౌలురైతు మా చిన్నాన్న వరస. ఆయనకు వ్యాను రంగు కూడా గుర్తులేదు. కిలో బియ్యం రెండు రూపాయలకే ఇస్తానన్నారని, రేషన్ కార్డు ఉంటే చాలునా, భూమి శిస్తు రసీదు కూడా కావాలా అని మర్నాడు పొద్దున్నే మా ఇంటికొచ్చి, గుమాస్తాను కదా నాకు తెలిసి ఉంటుందని, నన్ను అడిగాడు.