పేచీ పెట్టని మొక్కలు

కొత్తగా ఫ్లాట్‌లోకి మారిన స్నేహితులు నన్ను తరచూ అడిగే మాట ఒకటుంది: "పెద్దగా మెయింటెనెన్స్ లేకుండా బతికే మొక్కేదన్నా చెప్పు." జవాబు కష్టమేం కాదు. స్నేక్ ప్లాంట్, జెడ్‌జెడ్ ప్లాంట్, మనీ ప్లాంట్. మూడింట్లో ఏది తెచ్చుకున్నా మొదటి ఏడాది దాదాపు గట్టెక్కినట్టే. నన్ను ఆలోచనలో పడేసేది ఆ ప్రశ్న వెనకున్న కోరిక. ఇంట్లో ప్రాణమున్నదొకటి ఉండాలి, అది మాత్రం మనల్ని ఏమీ అడక్కూడదు. ఇలా కోరుకోవచ్చా?

కోరుకోవచ్చనే నా అభిప్రాయం. పొద్దున పోయి రాత్రికి తిరిగొచ్చేవాళ్లు, నెలకి రెండుసార్లు ఊరెళ్లేవాళ్లు, ఎండ పొడ తగలని హాల్లో గులాబీ మొక్క పెడితే దాని గతేమిటో చెప్పక్కర్లేదు. గులాబీకి రోజుకి కనీసం ఐదారు గంటల ఎండ పడాలి. ఇవ్వలేనిది ఇస్తానని ఒప్పుకోకపోవడం కూడా నీతే. కాకపోతే దీనికి ఒక షరతు ఉంది. అదేమిటో తెలియాలంటే ఈ మొక్కలు మన నిర్లక్ష్యాన్ని ఎలా తట్టుకుంటాయో చూడాలి.

స్నేక్ ప్లాంట్ పుట్టిల్లు పశ్చిమ ఆఫ్రికా. నీళ్లు ఆవిరైపోకుండా ఆకుల మీది రంధ్రాల్ని పగలు మూసుకుని రాత్రి తెరుస్తుంది. తూర్పు ఆఫ్రికా నుంచి వచ్చిన జెడ్‌జెడ్ మట్టి కింద దుంపల్లో నీళ్లు దాచుకుంటుంది. అందుకే మూడు వారాలు మర్చిపోయినా ఏమీ ఎరగనట్టు నిగనిగలాడుతుంది. వాటికి నీళ్ల అవసరం తక్కువన్నది నిజమే. అంతకంటే పెద్ద నిజం, ఆ అవసరం బయటపడటానికి చాలా కాలం పడుతుందన్నది. మే నెలలో ఒక్కరోజు నీళ్లు తప్పితే తులసి సాయంత్రానికి తల వాల్చేస్తుంది. స్నేక్ ప్లాంట్ అలా కాదు. ఆకు మొదట్లో మెత్తబడి పక్కకి ఒరిగే సరికి, కింద వేర్లు కుళ్లడం మొదలై చాలా రోజులై ఉంటుంది.

నా ఉద్యోగంలో ఇది బాగా తెలిసిన సంగతే. రాత్రి రెండింటికి అలర్ట్ పంపి నిద్ర లేపే సర్వర్‌ని తిట్టుకుంటాం. అసలు భయపడాల్సింది ఏ అలర్టూ రానిదాని గురించి. అంతా బాగున్నా అది మౌనంగానే ఉంటుంది, మానిటరింగే ఆగిపోయినా మౌనంగానే ఉంటుంది. ఆ రెండు మౌనాలకీ తేడా తెలియాలంటే లాగిన్ అయి చూడాల్సింది మనమే.

మన సాహిత్యం మొక్కల మీద జాలి పుట్టించాలనుకున్నప్పుడు వాటికి నోరిచ్చింది. కరుణశ్రీ 'పుష్పవిలాపం'లో పూలు కవికి మొర పెట్టుకుంటాయి. ఘంటసాల గొంతులో ఆ మొర ఇంటింటికీ చేరింది. గొప్ప పద్యాలే, సందేహం లేదు. చదివినప్పుడల్లా నాకో అనుమానం మాత్రం వస్తుంది: మనలో కరుణ కదలాలంటే ఎదుటివాళ్లు విలపించే తీరాలా? విలపించడం చేతకాని వాటి సంగతేంటి?

ఇక రెండో ఆదర్శం శకుంతల. చెట్లకి పోయనిదే తాను నీళ్లు ముట్టని పిల్లగా కాళిదాసు ఆమెని చూపిస్తాడు. ఆశ్రమంలోని చెట్లకి అది సరిపోయింది. జెడ్‌జెడ్‌కి రోజూ అలా పోస్తే కుళ్లిపోతుంది. వేర్లకి గాలి కూడా కావాలి. మట్టిలోని ఖాళీలన్నీ నీళ్లతో నిండిపోతే వాటికి ఆక్సిజన్ అందదు. ఇళ్లలో చాలా మొక్కలు దాహంతో కంటే ఈ అతిప్రేమతోనే చచ్చిపోతాయి. నీళ్లు పోసేశాక మన మనసుకి హాయిగా ఉంటుంది, నిజమే. మొక్కకి ఎలా ఉందన్నది వేరే ప్రశ్న. వేలు రెండంగుళాలు మట్టిలో గుచ్చి, తడి తగిలితే ఏమీ చేయకుండా వెనక్కి రావడం కూడా సంరక్షణే. పైకి పనిలా కనపడదు కాబట్టి దాన్ని మనం లెక్కలో వేసుకోం.

మనీ ప్లాంట్ది ఇంకో కథ. దాని సొంతూరు ఫ్రెంచ్ పాలినేషియాలోని మోరేయా దీవి. మన దగ్గర కూడా పెరట్లో మామిడి చెట్టుకో కొబ్బరి చెట్టుకో పాకనిస్తే ఆకులు చేటలంత అయి, అంచుల దాకా చీలతాయి. టీవీ పక్కన సీసాలో పెట్టింది ఎన్నేళ్లున్నా అరచేతి ఆకుల పసితనం దాటదు. చావలేదు కాబట్టి బాగుందనుకుంటాం. నర్సరీలో "తక్కువ వెలుతుర్లో కూడా బతుకుతుంది సార్" అన్నప్పుడు కూడా అంతే. అది ఓర్చుకుంటుందని అతను చెప్తే, దానికి అదే ఇష్టమని మనం వింటాం.

మనుషుల్ని కూడా 'లో మెయింటెనెన్స్' అని మెచ్చుకోవడం మొదలుపెట్టాం కాబట్టి ఇదంతా మొక్కలతో ఆగదు. ఫోన్లో ఎప్పుడడిగినా "మాకేంటి నాన్నా, బానే ఉన్నాం" అనే అమ్మానాన్నలు. ఎంత పని మీద పడేసినా నోరెత్తని సహోద్యోగి. తమ్ముడు పుట్టిన దగ్గర్నుంచి 'అసలు పేచీ పెట్టదు' అని పేరు తెచ్చుకున్న అయిదేళ్ల పిల్ల. వీళ్లందరి ఓర్పునీ వాళ్ల స్వభావం కింద రాసేసి, మన పని తేలిక చేసుకుంటాం.

నేను చెప్పిన షరతు ఇదే. అడగని ప్రాణిని ఎంచుకున్నప్పుడు, అడిగే పని మన మీదకి వస్తుంది. మెయింటెనెన్స్ తగ్గదు, చేతుల్లోంచి కళ్లలోకి మారుతుంది.

కాబట్టి మొదటి మొక్క ఏదని ఈ మధ్య ఎవరడిగినా పీస్ లిలీ పేరు చెబుతున్నాను. నీళ్లు తగ్గితే ఆకులన్నీ ఒక్కసారిగా కిందికి వేలాడేస్తుంది. పోస్తే కొన్ని గంటల్లో లేచి నిలబడుతుంది. గట్టిగా ఫిర్యాదు చేస్తుంది, త్వరగా క్షమిస్తుంది. దానితో ఒక ఏడాది చూడటం అలవాటు చేసుకున్నాక, స్నేక్ ప్లాంట్ తెచ్చుకోండి.