దైవము, పురుషకారము, అయిదు నిమిషములు

మనుష్యుని ప్రజ్ఞను హఠాత్తుగా హరించి దేహమును నేలపై కొట్టుకొనజేయు మూర్ఛను చూచినవారు దానిని దైవాగ్రహమనియో, పూర్వజన్మ కర్మఫలమనియో తలంచుట అన్ని దేశములందును ఉన్నదే. ఇది తక్కిన రోగములకంటె దైవికమేమియు కాదని, హిప్పొక్రటీసు పేర వెలసిన ప్రాచీన గ్రీకు గ్రంథమొకటి ప్రత్యేకించి వాదింపవలసి వచ్చెను. ఆర్మూరు అంగడిలో పసుపు బస్తాల నడుమ ఒకడు అట్లు పడిపోయినచో, చేతిలో తాళంచెవులుంచువారును, సిద్ధులగుట్టకు మ్రొక్కువారును ఉందురు. మ్రొక్కుటను నేను తప్పుపట్టను. మ్రొక్కి ఊరకుండుటయే నన్ను కలచివేయుచున్నది.

పూర్వదేహమున చేసిన కర్మము దైవమనియు, ఈ దేహమున చేయునది పురుషకారమనియు, బలహీనమైన దైవమును పురుషకారము జయించుననియు, బలిష్ఠమైన దైవము పురుషకారమును మించుననియు చరకసంహిత విమానస్థానము చెప్పుచున్నది. ఏది బలీయమో ముందుగా తెలిసికొనుట మనకు సాధ్యముగాదు గనుక ప్రయత్నమే మన ధర్మము. తొమ్మిదినెలల పంటయైన పసుపును పండించు ఈ సీమ రైతు వానను దైవమునకు విడిచినను, త్రవ్వుటను, ఉడుకబెట్టుటను, ఎండబెట్టుటను విడువడు గదా!

మూర్ఛ 5 నిమిషములు దాటినచో తనంతట తాను ఆగుట అరుదు. 30 నిమిషములు దాటినచో మెదడు కణములే నశింపసాగును. కాలము గడచినకొలది, మెదడునందలి ఉద్రేకమును అణచు గ్రాహకములు కణముల లోపలికి జారిపోవుటచే, ముందు పనిచేయగల మందే తరువాత నిష్ఫలమగును. అందుచేత వైద్యులు పెద్దలకు మొదట 4 మిల్లీగ్రాముల లోరాజెపామ్‌ను నరములోనికి మెల్లగా ఎక్కింతురు. నరము దొరకనిచో మిడాజోలామ్‌ను కండకే ఇత్తురు. అప్పటికిని తగ్గనిచో లెవెటిరాసెటామ్, ఫాస్‌ఫెనిటోయిన్, వాల్‌ప్రోయేట్‌లలో ఒకటి. ఈ మూడును ఇంచుమించు సమానముగా, సుమారు సగముమందికి గుణమిచ్చునని 2019లో ప్రకటితమైన పరిశోధన తేల్చినది. దానికిని లొంగనిచో మత్తుమందుతో నిద్రపుచ్చి, కృత్రిమశ్వాసపై కాపాడుదురు.

ఇందొక ధర్మసూక్ష్మము కలదు. స్పృహ తప్పినవానికి తనదైన పురుషకారము లేదు. మ్రొక్కుకొనుటకైనను వానికి తెలివి లేదు. ఆ క్షణమున వాని ప్రయత్నమంతయు చుట్టునున్నవారి చేతులలోనికి వచ్చును: ఒక ప్రక్కకు త్రిప్పి పరుండబెట్టుట, నోట ఏమియు పెట్టకుండుట, గడియారము చూచుట, 108కు ఫోను చేయుట. వాని వ్యాధి పూర్వకర్మఫలమే యనుకొన్నను, చూచుచు నిలుచున్న మన కర్మము ఇప్పుడే ఆరంభమగుచున్నది; దాని ఫలమునకు మనమే కర్తలము.