రక్తం చెప్పే సాక్ష్యం

మన వాళ్ళకి రక్తం మీద ఉన్నంత గురి మరి దేనిమీదా లేదు. కూతురు బాగా పాడితే "నా రక్తం కదూ!" అని మురిసిపోతాం. అదే పిల్ల మొండికేస్తే మాత్రం, అది అవతలి వాళ్ళ రక్తం!

ఆమధ్య మాకు తెలిసిన ఒకరింట్లో చంటిదానికి రక్తపరీక్ష చేయించారు. తండ్రిది ఎ గ్రూపు, తల్లిది బి. పిల్లది ఓ. "ఇద్దరికీ లేనిది దీనికెక్కణ్ణుంచి వచ్చిందే అమ్మాయ్?" అంది నాయనమ్మ. ఆవిడ మామూలుగానే అందేమో గాని, ఆ బాలింతరాలి మొహం పాలిపోయింది.

నేను చదివింది చరిత్రా, సాహిత్యమూ. అయినా ఆస్తి పంపకాలు చూసిన ఏ ఇల్లాలికైనా ఈ లెక్క సులువే. ప్రతి మనిషిలోనూ రెండు వాటాలుంటాయి. ఒకటి అమ్మది, ఒకటి నాన్నది. బిడ్డకి మనమిచ్చేది ఆ రెండింట్లో ఒక్కటే. ఎ, బి వాటాలు పైకి కనబడతాయి. ఓ మాత్రం వాటి పక్కన ఉన్నంతకాలం కిక్కురుమనదు. తల్లిలో ఒకటి, తండ్రిలో ఒకటి అలా దాగి, రెండూ బిడ్డకే వస్తే అప్పుడు బయటపడుతుంది. అలాంటి దంపతులకి ఎ, బి, ఎబి, ఓ, ఏ గ్రూపు బిడ్డయినా పుట్టవచ్చు.

"లెక్కకి అందకపోతేనో?" అంటారు. తల్లిదండ్రులిద్దరిదీ ఓ అయి, బిడ్డది ఎ అయిందనుకోండి. పట్టిక ప్రకారం తల్లి దోషే. కాని 1952లో బొంబాయిలో డాక్టర్ భెండే, ఆయన సహచరులు ఒక వింత రక్తాన్ని లోకానికి తెలియజేశారు. మామూలు పరీక్షలో అది ఓ లాగే కనిపిస్తుంది. లోపల ఎ గాని బి గాని ఉన్నా, పైకి రావడానికి ఆధారమైన హెచ్ అనే పదార్థం ఉండదు. రెండోవారి నుంచి ఆ ఆధారం అందిందా, దాగినది బిడ్డలో బయటికొస్తుంది. అదే బాంబే గ్రూపు. మన దేశంలో సుమారు 10,000 మందిలో ఒకరికి ఉంటుందంటారు. ఈ సంగతి తెలియని రోజుల్లో, ఏ పాపమూ ఎరగని తల్లిని పట్టికే దోషిగా నిలబెట్టగలిగేదన్నమాట!

ఇప్పుడు డిఎన్‌ఏ పరీక్షలున్నాయి, నిజం తేలిపోతుంది కదా అనవచ్చు. కోర్టుకెక్కిన తగాదాకి అది మంచిదే. ఇంట్లోనో? సీతమ్మ అగ్నిలోంచి చెక్కుచెదరకుండా వచ్చింది. అయినా అడవి తప్పిందా? రుజువుతో చచ్చిపోయే అనుమానం అరుదు. పరీక్షలో నెగ్గిన భార్య, పరీక్ష పెట్టిన మనిషిని మళ్ళీ మునుపటిలా చూడగలదా? అడిగినప్పుడే గాయం అయిపోయింది. జవాబు ఏదైతేనేం?

రక్తం గ్రూపు తెలుసుకోవద్దని నేననడం లేదు. ఆపద వేళ అది ప్రాణం నిలబెడుతుంది. కన్నతల్లి రక్తం సరిపడని బిడ్డకి ముక్కూమొహం ఎరగని మనిషి రక్తం సరిపోయి ప్రాణం పోస్తుంది. అప్పుడా దాతని మీరెవరి వంశమని ఎవరూ అడగరు. ఆ పాటి మర్యాద ఇంట్లో ఉన్న కోడలికీ ఇస్తే ఏం పోయింది?