మందిరపు తలుపులు మూయుట తప్పా?



దేవుని ఆత్మ ఒక కూడికలో బలముగా పనిచేయుచుండగా, ఇక ఎవరి పనికి వారు వెళ్లవలెనని చెప్పి ఆ కూడికను ముగించుటకు మనుష్యునికి అధికారము కలదా? అట్లు ముగించినవాడు దేవుని పనికి అడ్డుపడినవాడా, లేక నమ్మకమైన గృహనిర్వాహకుడా? ఈ ప్రశ్న మన పల్లె సంఘములకు కొత్తది కాదు. ఉజ్జీవ కూటములు మూడు రాత్రులని ప్రకటింతుము. మూడవ రాత్రి జనులు కన్నీటితో మోకాళ్లూని యుండగా, నాలుగవ రాత్రి పెట్టవలెనా వద్దా అని పెద్దలు పందిరి వెనుక నిలిచి తర్కించుట మనమెరిగినదే. ఈ నెల ఆ ప్రశ్నను, ఒక క్రైస్తవ విశ్వవిద్యాలయములో జరిగిన సంగతిని ముందుంచుకొని ఆలోచింపగోరుచున్నాము.

అమెరికా దేశములోని కెంటకీ రాష్ట్రమందు విల్మోర్ అను చిన్న పట్టణము కలదు. అచ్చటి జనసంఖ్య సుమారు ఆరువేలు. అక్కడ 1890లో జాన్ వెస్లీ హ్యూస్ అను బోధకుడు ఒక కళాశాల స్థాపించెను. అమెరికా మెథడిస్టు సంఘపు తొలి బిషప్పులలో ఒకడైన ఫ్రాన్సిస్ ఆస్బరీ పేరు తరువాత దానికి పెట్టబడెను. 2010లో అది ఆస్బరీ విశ్వవిద్యాలయమని పిలువబడెను. అచ్చటి దినచర్య ఏ విద్యాలయపు దినచర్యకును భిన్నమైనది కాదు. తరగతులు, పరీక్షలు, భోజనశాల, ఆటల పోటీలు, గాయకబృందపు సాధకము, వీటితోనే వారము గడచును. వారములో మూడు దినములు ఉదయము పది గంటలకు హ్యూస్ మందిరములో ఆరాధన జరుగును. అక్కడ విద్యార్థుల హాజరు లెక్కకు వచ్చును. అందుచేత ఆసక్తితో వచ్చువారును ఉందురు, హాజరుకొరకు వచ్చువారును ఉందురు.

2023వ సంవత్సరము ఫిబ్రవరి 8వ తేదీ బుధవారమున ఆ ఆరాధన ఎప్పటివలె జరిగెను. జాక్ మీర్క్రీబ్స్ అను బోధకుడు రోమా పత్రిక 12వ అధ్యాయమునుండి ప్రేమనుగూర్చి ప్రసంగించెను. ఆ ప్రసంగము బాగుగా కుదరలేదని తలంచి, త్వరలో ఇంటికి వచ్చెదనని ఆయన తన భార్యకు కబురు పంపెను. ఆరాధన ముగిసినది. విద్యార్థులు తరగతులకు వెళ్లిపోయిరి. ఇరువదిమంది లోపుగా కొందరు మాత్రము లేవక, పాడుచు ప్రార్థించుచు అక్కడనే నిలిచిరి. కొంతసేపటికి వెళ్లినవారిలో కొందరు తిరిగి వచ్చిరి. సాయంకాలమైనను ఎవరును వెళ్లలేదు. విద్యార్థులే నడుపు పత్రిక ఆ సంగతిని వెంటనే వార్తగా వ్రాసెను. సెల్‌ఫోనులద్వారా అది దేశమంతటను ప్రాకెను.

ఆ తరువాత రెండు వారముల కాలములో ఆ చిన్న పట్టణమునకు వచ్చినవారు 50,000 మందికి తక్కువ కారని లెక్కవేసిరి. ఇతర ఖండములనుండియు జనులు వచ్చిరి. దాదాపు 1,500 మంది కూర్చుండదగిన మందిరము చాలక, ఎదుటనున్న వేదాంత కళాశాల మందిరములును తెరచిరి. చలికాలపు గాలిలో జనులు గంటలకొలది వరుసలో నిలిచిరి. ఊరిలోనికి చోటులేక వాహనములను త్రిప్పి పంపవలసి వచ్చెను. అప్పుడు అధ్యక్షుడుగా నుండిన కెవిన్ బ్రౌనును ఆయన తోటివారును ఒక తీర్మానము చేసిరి. సాధారణ జనులకొరకైన కూడిక ఫిబ్రవరి 20తో విల్మోరులో ముగిసెను. విద్యార్థుల ప్రార్థనకొరకు ముందే ఏర్పాటైయుండిన 23వ తేదీ కూడికతో ఆ రెండు వారముల పని ముగింపునకు వచ్చెను. తాము ప్రారంభింపని దానిని తాము ఆపజాలమనియు, ఇక ఈ పని ఇతర స్థలములకు వెళ్లవలెననియు అధ్యక్షుడు చెప్పిన మాటల సారాంశము.

ఈ తీర్మానమునకు కొందరు నొచ్చుకొనిరి. వారి వాదమును మనము తేలికగా త్రోసివేయరాదు. ఆత్మను ఆర్పవద్దని పౌలు థెస్సలొనీకయులకు వ్రాయలేదా? మార్త పనుల తొందరలో నుండగా, పాదములయొద్ద కూర్చుండిన మరియయే ఉత్తమమైనదానిని ఏర్పరచుకొన్నదని ప్రభువు చెప్పలేదా? ఎంతో దూరమునుండి, కొందరు అప్పుచేసియైనను, రోగులను వెంటబెట్టుకొని వచ్చుచుండగా తలుపు మూయుట దయగల పనియా? గణితశాస్త్రపు తరగతి రెండు వారములు ఆగినయెడల లోకము మునిగిపోవునా? ఆత్మ రక్షణ ఎక్కడ, పరీక్షల మార్కులెక్కడ? ఈ ప్రశ్నలు భక్తిగలవారి నోట వచ్చినవి. అయినను మా ఆలోచన ఇట్లున్నది.

మొదట, కూడిక సాగుచున్నంతకాలము దాని భారమును ఎవరో ఒకరు మోయుచుందురు. ఆస్బరీలో అధ్యాపకులు, ఉద్యోగులు, పట్టణపు విశ్వాసులు రాత్రింబగళ్లు తలుపులయొద్ద నిలిచిరి, ప్రార్థనలో సహాయపడిరి, అన్నపానములు చూచిరి, మరుగుదొడ్ల సంగతియు చూచిరి. మన ఊరి కూటములను తలంచుడి. పందిరిలో ముందు వరుసలో కూర్చుండినవానికి ఆ మూడు రాత్రులు పరలోకమువలె నుండును. పొయ్యియొద్ద పొగలో కూర్చుండి గుండిగలు దింపి, అర్ధరాత్రి వాటిని బూడిదతో తోమిన సోదరికి ఒక్క ప్రసంగమైనను చెవినిబడినదా? ఆమె తెల్లవారకమునుపే లేచి కూలికి పోవలెను. నాలుగవ రాత్రి కావలెనని కోరు ప్రతివాడును మొదట ఆమెయొద్దకు పోయి అడుగవలెను. ఆమె అలసటమీద కట్టిన ఆనందమును దేవుడు తన మహిమగా ఎంచునని మేము తలంచుటలేదు.

అట్లే విద్యార్థుల విషయము. తలిదండ్రులు తమ కష్టార్జితము పెట్టి పిల్లలను అచ్చటికి పంపిరి. చదువు చెప్పుదుమని విశ్వవిద్యాలయము మాట యిచ్చినది. ఆ రెండు వారములలోను తరగతులను రద్దుచేయక నడుపుచునే వచ్చిరి. ఇచ్చిన మాట నిలుపుకొనుట లోకసంబంధమైన పని యని త్రోసివేయువాడు, అవుననినది అవునుగా నుండవలెనను ప్రభువు ఆజ్ఞను చిన్నచూపు చూచుచున్నాడు. ఇంకొక సంగతి తరువాత బయటపడెను. ఆ ఫిబ్రవరి 17, 18 తేదీలలో కూడికకు వచ్చిన ఒకనికి తట్టు సోకియుండెను. ఆ రెండు దినములలో వచ్చినవారు సుమారు 20,000 మంది. తీర్మానము చేసిన పెద్దలకు ఇది అప్పటికి తెలియదు. అయినను, ఇరుకైన స్థలములో అంతమందిని చేర్చినప్పుడు వారి దేహముల క్షేమమునకుకూడ మనము లెక్క అప్పగింపవలెనని ఇది జ్ఞాపకము చేయుచున్నది.

రెండవది, మన ప్రభువు తానే ఎట్లు చేసెనో చూడుడి. కొండమీద ఆయన రూపము మారినప్పుడు, అక్కడనే మూడు పర్ణశాలలు కట్టుదమని పేతురు అడిగెను. ఆ కోరిక భక్తితో వచ్చినదే. కాని ప్రభువు వారిని కొండ దింపెను. క్రింద మూర్ఛరోగముతో బాధపడు కుమారుని తండ్రి ఎదురుచూచుచుండెను. పర్ణశాల కట్టియుండినయెడల ఆ తండ్రి గతి యేమి? దయ్యములు వదలిన గెరాసేనీయుడు ప్రభువుతోకూడ ఉండనిమ్మని బతిమాలుకొనెను. ఆయన ఒప్పుకొనక, అతనిని తన ఇంటివారియొద్దకు పంపెను. యాయీరు కుమార్తె మృతినుండి లేచినప్పుడు, తలిదండ్రులు విస్మయమునొంది నిలిచియుండగా, ఆ చిన్నదానికి తినుటకేమైన పెట్టుడని చెప్పెను. మృతిని గెలిచిన గడియలో ఆయనకు ఆ పిల్ల ఆకలి గుర్తున్నది! అద్భుతము తరువాత అన్నము పెట్టుట అద్భుతమును ఆర్పివేయుట కాదని ఇంతకంటె స్పష్టముగా ఎవరు చెప్పగలరు?

ఆ విద్యాలయపు పూర్వచరిత్రయు ఇదే సాక్ష్యమిచ్చుచున్నది. 1970 ఫిబ్రవరి 3న అదే హ్యూస్ మందిరములో సాక్ష్యములతో మొదలైన ఆరాధన 185 గంటలు ఎడతెగక సాగెను. అప్పుడు వారము దినములు తరగతులు నిలిపివేసిరి. కాబట్టి ఆపుటయే అన్నివేళల ధర్మమని మేము చెప్పుటలేదు. అయితే ఆ పని ఆ నాలుగు గోడలలో నిలువలేదు. విద్యార్థులు జట్లుజట్లుగా ఇతర కళాశాలలకును సంఘములకును సాక్ష్యము తీసికొనిపోయిరి. అంతకుముందు 1905లోను అక్కడ అట్టి కదలిక కలిగెను. అప్పుడు అచ్చట చదువుచుండిన యువకులలో ఇ. స్టాన్లీ జోన్స్ ఒకడు. ఆయన 1907లో పట్టభద్రుడై, ఆ సంవత్సరమే మన దేశమునకు మిషనరీగా వచ్చెను. 1930లో హిమాలయ పర్వతపు కుమావూ ప్రాంతమందు సాత్ తాల్ అను చోట ఆశ్రమము స్థాపించెను. ఆ ఆశ్రమములో వారమునకొక దినము పనివారికిని పాకీవానికిని సెలవిచ్చి, వారి పనిని, మరుగుదొడ్లు కడుగుటతోసహా, అచ్చట కూడిన విశ్వాసులే చేసెడివారు. 1973లో ఆయన బరేలీలో ప్రభువునందు నిద్రించెను. కెంటకీలో యౌవనకాలమందు మోకాళ్లూనినవాడు హిమాలయములలో పాకీవాని భారమును తన తోటివారికి పంచిపెట్టెను. మన దేశములో ఆ పని చేయువారిని మనుష్యులు ఎట్లు చూచిరో పల్లెలోని మనకు వేరుగా చెప్పనక్కరలేదు. ఆత్మ ఎవనిమీదికి వచ్చెనో తెలిసికొనుటకు అతడు పాడిన పాటలకంటె అతడు పట్టిన చీపురు నమ్మదగిన గురుతు.

అయినను ఒక హెచ్చరిక అవసరము. తలుపులు మూయువారందరు మంచి గృహనిర్వాహకులని ఎంచరాదు. కొందరు పెద్దలు కూటమును ముగింపగోరుట, ప్రార్థనలో పాపములు బయటికి వచ్చునేమోయను భయముచేత. పాత తగవు గుర్తుకు వచ్చి, కాజేసిన గట్టు తిరిగి ఇచ్చివేయవలసి వచ్చునేమోయని కొందరికి దిగులు. మాలపేటవారును మాదిగపేటవారును ఒక్క చాపమీద కూర్చుండి ఏడ్చుట చూడలేక, వేళయైనదనువారును లేకపోలేదు. అట్టి ముగింపు ఆత్మను ఆర్పుటయే. కావున ముగించుచున్నవాడు తన్నుతాను అడుగవలసిన దొకటి కలదు: ఈ తలుపు ఎవరికొరకు మూయుచున్నాను? అలసిన సేవకురాలికొరకా, ఎదురుచూచు ఇంటివారికొరకా, ఇచ్చిన మాటకొరకా? లేక నా సుఖము కొరకా? మూయబడిన తలుపు రెండు సందర్భములలోను ఒక్కతీరుగనే కనబడును. హృదయములను ఎరిగినవాడు మాత్రము భేదమెరుగును.

ఆస్బరీ పెద్దల విషయములో మేము చూడగలిగిన గురుతు ఒకటి కలదు. ఆ దినములలో వారు ప్రఖ్యాతులకు వేదికమీద ప్రత్యేక స్థానమియ్యలేదు. వేలకొలది జనులు, లోకమంతటి చూపు, ఏ సంస్థయైనను కోరుకొను కీర్తి వారి వాకిటికి తానుగా వచ్చినది. దానిని పెంచుకొనుటకు బదులు పంపివేసిరి. స్వలాభము కోరువాడు సాధారణముగా తలుపు తెరచియే యుంచును. అందుచేత వారు తప్పు చేయలేదని మా నిశ్చయము.

ఇక మన మాట. ఆ బుధవారపు వాక్యము మరల చదువుడి. రోమా 12వ అధ్యాయములో నిష్కపటమైన ప్రేమ, అతిథులకు ఇంటిలో చోటు, ఏడ్చువారితో ఏడ్చుట, తగ్గువారితో కలిసిమెలిసి యుండుట, ఆకలిగొన్న శత్రువునకు అన్నము పెట్టుట, ఇవియే యున్నవి. వీటిలో ఏ యొక్కటియు మందిరపు బల్లమీద కూర్చుండి నెరవేర్పదగినది కాదు. వీధిలోనికి, పొలములోనికి, పొరుగువాని గడపకు పోవలెను. ఆ వాక్యము ఫలింపవలెనన్న ఎప్పుడో ఒకప్పుడు మందిరపు తలుపు దాటి బయటికి రావలసినదే.

బుధవారపు ప్రార్థనకు ఏడుగురే వచ్చిరని దిగులుపడు కాపరులారా, ఆనాటి ప్రసంగమును చెప్పినవాడే కుదరలేదని తలంచెనని మరువకుడి. హాజరుకొరకు వచ్చినవారితోనే దేవుడు ఆరంభించెను. దీపము వెలిగించి, చాప పరచి, వాక్యము చదువుట మన పని. ఏ దినము ఆయన దర్శించునో మనకు తెలియదు. దర్శించిన దినమున సంతోషముతో నిలిచియుందము. లేచి పొమ్మని ఆయన చెప్పిన దినమున, పందిరి గుంజలు పట్టుకొని వ్రేలాడక, లేచి పోవుదము. వచ్చే నెలలో మన ప్రాంతపు కూటములు ముగిసిన మరునాడు ప్రతి సంఘమువారును ఈ ఒక్క పని చేయవలెనని కోరుచున్నాము: కూటములలో వంటచేసి, నీళ్లు మోసి, వాక్యము వినలేకపోయిన సోదర సోదరీల ఇండ్లకు పోయి, విన్నదానిని వారికి చెప్పి, ఆ దినపు వారి పనిలో చేయి వేయుడి. సమాధానకర్తయగు దేవుడు మీకు తోడైయుండును గాక. ఆమేన్.