గజేంద్రుడు తన బాధను దాచలేదు

శ్రీమన్నారాయణుడు సర్వజీవుల హృదయములందు అంతర్యామియై వసించుచున్నాడని వేదాంతము ఘోషించుచున్నది. ఆలయమునకు గర్భగుడి ఎట్టిదో దేహమునకు హృదయము అట్టిది. గర్భగుడి గోడ బీటవారినదని తెలిసిన ధర్మకర్త, వచ్చే ఉత్సవము దాటిన పిదప చూతమని ఊరకుండడు. ఆనాడే స్థపతిని పిలిపించును. రాతిగుడి విషయమున ఇంత శ్రద్ధ గల భక్తులే ఈ దేహాలయము విషయమున ఉదాసీనులై యుందురు. రొమ్ములో నొప్పి పుట్టినపుడు వాయువనుకొని సోడా త్రాగి, వాము నమలి, తెల్లవారు వరకు ఓర్చుకొందురు. ఏ నొప్పి ఓర్వదగినది, ఏ నొప్పికి వైద్యుని పిలువవలెను అను విచారము లౌకికమనియు, భక్తునకు అది అక్కరలేదనియు తలచువారును కలరు. అట్టివారికి శ్రీమద్భాగవతములోని గజేంద్రుడే సమాధానము చెప్పుచున్నాడు.

గజేంద్రమోక్షఘట్టము తెలియని తెలుగు ఇల్లు లేదు. మకరముతో వేయి సంవత్సరములు పోరిన ఆ మదగజము చివరకు శ్రీహరిని పిలిచినది. పిలిచినపుడు ఏమి చెప్పెనో గమనింపుడు. బమ్మెర పోతనామాత్యుడు ఆ ఏనుగు నోట వేదాంతముతోపాటు మరియొకటి కూడ పలికించెను. ఒంటిలో సత్తువ మిగులలేదని, గుండెదిటవు సడలినదని, తెలివి తప్పుచున్నదని, మేను సోలిపోవుచున్నదని గజేంద్రుడు తన స్థితిని ఒకటొకటిగా విన్నవించుకొనెను. సర్వజ్ఞుడైన స్వామికి ఇవి తెలియవా? తెలియును. అయినను గజేంద్రుడు చెప్పెను. తాను గజరాజునని, ఇందరు కరిణుల యెదుట బలహీనత బయటపెట్టరాదని బిడియపడలేదు. కొలది సేపటిలో అదే తగ్గునని తన్ను తాను మభ్యపెట్టుకొనలేదు. తన బలము ఎక్కడ ముగిసినదో గుర్తించుట, గుర్తించినదానిని దాచక చెప్పుట, ఈ రెండును శరణాగతిలోని భాగములే.

ఇట్టి సమయము మన గోదావరి తీరమున ఎట్లు వచ్చునో ఊహించి చూతము. కోనసీమలో ఆత్రేయపురము చెంత, గౌతమీ తీరమునందలి వాడపల్లిలో శ్రీ వేంకటేశ్వరస్వామి రక్తచందన దారుమూర్తియై వెలసియున్నాడు. ఏడు శనివారములు వరుసగా వచ్చి, వచ్చినపుడెల్ల ఏడు ప్రదక్షిణములు చేసి మ్రొక్కు తీర్చుకొనుట అచ్చటి సంప్రదాయము. రాజోలు ప్రాంతమునుండి అరువదేండ్ల గృహస్థు ఒకడు ఆరు శనివారములు పూర్తిచేసి, ఏడవ శనివారము భార్యతోను, కుమారునితోను వచ్చెననుకొందము. మార్గశిర మాసము. మంచు ఇంకను విడలేదు. అయిదవ ప్రదక్షిణము నడుమ అతనికి రొమ్ముమీద రోలు పెట్టినట్లు బరువు తోచినది. ఆ బరువు ఎడమ భుజమునకు, దవడకు ప్రాకినది. గోడను పట్టుకొని నిలచెను. భార్య ఉత్తరీయమును తాకి చూడగా అది తడిసియున్నది.

“ఏమండీ, ఇంత చలిలో మీకీ చెమటలేమిటి?”

“ఏమియు లేదు. ఉపవాసమునకు వాయువు పట్టినది. ఇంక రెండే ప్రదక్షిణములు. ఏడవ వారమున ఆగినచో ఆరు వారముల ఫలమును పోవును.”

ఆ కుటుంబము ముందు ఇప్పుడు రెండు మార్గములు ఉన్నవి. కుమారుడు తండ్రి మాటకు ఎదురాడలేక మిన్నకుండవచ్చును. లేక, “నాన్నగారూ, ముందు ఇక్కడ కూర్చోండి” అని నేలపైననే కూర్చుండబెట్టవచ్చును. మొదటిది వినయమువలె కనబడును గాని వినయము కాదు. రెండవదియే పుత్రధర్మము. అచ్చటి అర్చకుడు ఎవరైనను చెప్పదగిన మాట ఒకటే: “స్వామి ఎక్కడికి పోవును? ఈ దారుమూర్తి ఇక్కడనే నిలచియుండును. మీరు మరల వచ్చి మిగిలినవి పూర్తిచేయుడు.”

వ్రతభంగమగునను భయమునకు శాస్త్రమున చోటు లేదు. వ్రతమును చెరుపని వస్తువులు ఎనిమిది అని మహాభారతములోని విదురనీతి చెప్పుచున్నది. నీరు, కందమూలములు, ఫలములు, పాలు, హవిస్సు, బ్రాహ్మణుని కోరిక, గురువాక్యము, ఔషధము అనునవి ఆ ఎనిమిది. వీనిలో కడపటిది ఔషధము. ఏకాదశి ఉపవాసమని రక్తపుపోటు మాత్రలు, మధుమేహపు మందులు తమంత తాము మానుకొను పెద్దలు ఈ విషయమును జ్ఞాపకముంచుకొనవలెను. మందు మింగుటవలన వ్రతము చెడదు. ఇక ఇన్సులిను, చక్కెరను తగ్గించు మాత్రలు వాడువారు ఆహారము మానినచో రక్తములో చక్కెర ప్రమాదకరముగ పడిపోవచ్చును. చెమట, వణకు, కన్నులు బైర్లుక్రమ్ముట, మాట తడబడుట కనబడినంతనే తెలివియున్నవారికి చక్కెర నీళ్లు త్రాగింపవలెను. ఉపవాసమునకు ముందే వైద్యుని అడిగి మందుల మోతాదు నిర్ణయించుకొనవలెను.

హృదయమునకు కలుగు ఆపద ఎంతటిదో మన పూర్వులకు తెలియనిది కాదు. శిరస్సు, హృదయము, వస్తి అను మూడింటిని ప్రధాన మర్మస్థానములుగా చరకుడు పేర్కొనెను. హృదయమునకు దెబ్బ తగిలినచో ప్రాణము వెంటనే పోవునని సుశ్రుతుడు దానిని సద్యఃప్రాణహర మర్మములలో చేర్చెను. గుండె కండకు రక్తము నందించు నాళములో గడ్డ అడ్డుపడినచో, రక్తమందని కండ అరగంట గడచునప్పటికే చచ్చుబడ నారంభించునని నేటి వైద్యము చెప్పుచున్నది. గంటలు గడచినకొలది నష్టము పెరుగును. గడ్డను కరగించు సూదిమందు గాని, నాళమును తెరచు చికిత్స గాని మొదటి గంటలలో చేసినంత మేలు తరువాత చేయజాలదు. ఓర్చుకొన్న ప్రతి నిమిషమును కండను కోల్పోయిన నిమిషమే.

కావున ఈ లక్షణములను ప్రతి గృహస్థుడు ఎరిగియుండవలెను. రొమ్ము నడుమ బరువు, నొక్కుట, బిగియుట లేక మంట. అది భుజములకు, చేతులకు, మెడకు, దవడకు, వీపునకు, కడుపు పైభాగమునకు వ్యాపించుట. చల్లని చెమట, ఆయాసము, వాంతి, కన్నులు తిరుగుట, ఏదో కీడు మూడినదను భయము. ఇవి అన్నియు కలిసి రానక్కరలేదు. రొమ్ములోని బరువు అయిదు నిమిషములు దాటి నిలచినను, తగ్గి మరల వచ్చినను, చెమటతో గాని ఆయాసముతో గాని కూడి వచ్చినను ఇక విచారణ అక్కరలేదు. తత్క్షణమే సహాయము పిలువవలెను. అట్లే మూతి ఒకవైపు జారుట, ఒక చేయి పడిపోవుట, మాట ముద్దయగుట మెదడునకు వచ్చిన ఆపద. దానికిని ఇదే త్వర అవసరము.

నడచునపుడు, మెట్లెక్కునపుడు రొమ్ము పట్టివేసి, నిలచినంతనే తగ్గిపోవు నొప్పి వేరొక విధమైనది. తగ్గినది గదా అని పెక్కుమంది దానిని మరచిపోవుదురు. అది గుండె పంపిన ముందస్తు వర్తమానము. అట్టిది క్రొత్తగా వచ్చినను, మునుపటికంటె తరచుగా వచ్చినను ఆనాడే వైద్యునికి చూపుకొనవలెను. విశ్రాంతిలో ఉన్నపుడు వచ్చినచో అత్యవసరముగనే భావింపవలెను. వ్రేలితో నొక్కినపుడు ఒకే చోట కలుగు నొప్పియు, క్షణకాలము పొడిచి పోవు నొప్పియు తరచుగా గుండెకు సంబంధింపనివే. అయినను ఆ తీర్పు చెప్పవలసినది వైద్యుడే.

ఇచ్చట హనుమంతుని జ్ఞాపకము చేసికొనవలెను. లక్ష్మణుడు శక్తి దెబ్బకు పడియున్నపుడు వైద్యము తెలిసిన సుషేణుడు ఓషధుల గుర్తులు చెప్పి హనుమంతుని పంపెను. కొండపై ఏది ఏ ఓషధియో హనుమంతుడు పోల్చుకొనలేకపోయెను. అపుడాయన అచ్చటనే కూర్చుండి ఆకు ఆకును పరీక్షించుచు కాలము గడపలేదు. శిఖరమునే పెకలించి సుషేణుని యెదుట ఉంచెను. నవవ్యాకరణపండితుడైన మారుతి, తనకు తెలియనిదానిని తెలిసినవాని వద్దకు చేర్చుటయే తన పని అనుకొనెను. ఇది వాయువా, గుండెనొప్పియా అని ఇంటి అరుగుమీద పదిమంది చేరి తర్కించుట ఆకులు ఏరుట వంటిది. రోగిని వైద్యుని యెదుట చేర్చుటయే శిఖరమును తెచ్చుట. ఇ.సి.జి. తీసి, రక్తము పరీక్షించి ఆయన తేల్చును. మొదటి ఇ.సి.జి.లో దోషము కనబడకున్నను కొంతసేపటికి మరల తీయవలసి వచ్చుట కలదు. వైద్యుడు ఉండుమన్నపుడు తొందరపడి ఇంటికి మరలరాదు. పరీక్షలో వాయువే అని తేలినచో సిగ్గుపడవలసినది ఏమియు లేదు. స్వామికి ఒక కొబ్బరికాయ కొట్టి ఇంటికి రావచ్చును.

ఇంటి ఇల్లాండ్ర విషయము ప్రత్యేకముగ చెప్పదగినది. స్త్రీలకు, వృద్ధులకు, మధుమేహమున్నవారికి ఒక్కొక్కపుడు రొమ్మునొప్పి స్పష్టముగ రాదు. కారణములేని ఆయాసము, అంతులేని నిస్సత్తువ, కడుపు పైభాగమున నొప్పి, వాంతి, వీపునొప్పి మాత్రమే కనబడవచ్చును. పండుగనాడు నైవేద్యము వండుచున్న తల్లి పొయ్యి యొద్దనే గోడకు చేరగిలబడి, “ఏమీ లేదురా అబ్బాయీ, కాస్త అలసట” అనును. అందరి భోజనములు ముగియువరకు తన బాధను కొంగున ముడివేసికొనును. ఆమె చెప్పదు. కనుక ఇంటివారే అడుగవలెను. గజేంద్రుని గోడు వినుటకు వైకుంఠమున ఒక చెవి మేలుకొనియుండెను. తల్లి మూలుగు వినుటకు ఇంటిలో ఒక చెవియైన మేలుకొనియుండవలదా?

గజేంద్రుని మొర విన్న స్వామి లక్ష్మీదేవితో చెప్పుటకు గాని, ఆయుధములు ధరించుటకు గాని ఆగలేదు. రక్షించువాని ధర్మము అదియే. బట్టలు మార్చుకొనుట, బంధువులకు కబురంపుట, వర్జ్యము చూచుట అన్నియు తరువాతి పనులు. 2005 ఆగస్టు 15న రాష్ట్రమున ప్రారంభమైన అత్యవసర వాహన సేవకు సంఖ్య 108. దివ్యదేశములు నూటయెనిమిదియని పసిబిడ్డనాడే నేర్చిన వైష్ణవునికి ఆ సంఖ్య మరపునకు రానిది. ఆ వాహనము వచ్చువరకు రోగిని నడిపింపరాదు, మెట్లెక్కింపరాదు, తానే బండి నడపుకొని పోనీయరాదు. కూర్చుండబెట్టి, బిగుతైన బట్టలు వదులు చేయవలెను. ఆస్పిరిన్ మాత్ర ఈయవచ్చునా అని ఫోనులోని వారిని అడిగి వారు చెప్పినట్లు చేయవలెను. ఆ మందు పడనివారికిని, రక్తస్రావమున్నవారికిని అది హాని చేయును. పొరుగువారి గుండె మాత్రను అరువు తెచ్చి నాలుక క్రింద ఉంచరాదు. రోగి వాడు మందుల చీటీలను వెంట తీసికొనిపోవలెను.

కోనసీమ నదుల నడుమనున్న సీమ. ఒకప్పుడు రేవు దాటుటకు పంటు కొరకు ఎదురుచూడవలసివచ్చెడిది. నేడు గౌతమిపై యానాము–ఎదుర్లంక వంతెన ఉన్నది. గరుత్మంతుని పేరు దాల్చిన వైనతేయ పాయను కూడ వంతెనపై దాటవచ్చును. త్రోవ ఏర్పడినది. బయలుదేరుటయే ఆలస్యము కారాదు.

ప్రపన్నుడైనవాడు వైద్యుని ఆశ్రయించుట స్వామియందు విశ్వాసలోపము కాదా అని కడపటి సందేహము. మార్జాలకిశోరన్యాయమును ఉదాహరింతురు. పిల్లికూన తల్లిని పట్టుకొనదు, తల్లియే దానిని కరచుకొని పోవును. నిజమే. కాని ఆ కూన అరచుట మానునా? ఆపదలో అరచుట దాని స్వభావము. ఆ అరపు ప్రపత్తికి విరుద్ధము కాదు. మరియు ప్రపన్నుని దేహము అతని సొత్తు కాదు. జీవుడు స్వామికి శేషభూతుడని ఒప్పుకొన్నవాడు స్వామి సొత్తును పాడుచేయుటకు తనకు అధికారము కలదనుకొనుట ఎట్లు పొసగును?

వైద్యుడును స్వామి రూపమే. భాగవతము ప్రథమస్కంధమున చెప్పిన అవతారముల వరుసలో పండ్రెండవది ధన్వంతరి, పదమూడవది మోహిని. అమృతకలశమును తెచ్చినవాడు ధన్వంతరి, పంచినది మోహిని. ఈ ఇరువురికిని కొత్తపేట ప్రాంతమున కోవెలలు ఉండుట ఇచ్చటివారి భాగ్యము. ర్యాలిలో ముందువైపు కేశవుడుగ, వెనుకవైపు మోహినిగ ఒకే శిలయందు స్వామి దర్శనమిచ్చుచున్నాడు. ఆయుర్వేదమునకు పేరుగన్న చింతలూరులో ధన్వంతరి పూజలందుకొనుచున్నాడు. ధన్వంతరికి కైమోడ్చి, వైద్యుని గడప త్రొక్కనని పట్టుపట్టుట మూర్తిని కొలిచి ప్రసాదమును త్రోసివేయుట వంటిది.

వాడపల్లి ప్రదక్షిణపథమున కూర్చుండబెట్టబడిన ఆ గృహస్థుడు వేళకు ఆసుపత్రి చేరి, కోలుకొని, వైద్యుని అనుమతితో మరియొక శనివారము వచ్చి ఆగిన చోటినుండి రెండు ప్రదక్షిణములు చేయుట కంటె వ్రతసమాప్తి వేరేమున్నది? దీర్ఘాయువైన భక్తుని చేత మరికొన్ని శనివారములు సేవ చేయించుకొనుట స్వామికిని ప్రియమే. బాధ కలిగినపుడు దాచక చెప్పు ధైర్యమును, చెప్పినపుడు ఆలస్యము చేయక కదలు త్వరను, గజేంద్రవరదుడైన శ్రీనివాసుడు ప్రతి ఇంటను అనుగ్రహించుగాక!