కారు మీద గీత, కూలివాని కష్టార్జితం



మన దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీ నగర్ ప్రాంతాల్లో ఇసుక కుప్ప లేని వీధి అరుదు. కొత్తపేట, సరూర్‌నగర్, చైతన్యపురి, నాగోల్, వనస్థలిపురం, ఎటు వెళ్ళినా ఎవరో ఒకరు ఇల్లు కడుతూనో, పాత డాబా మీద అంతస్తు వేస్తూనో, రంగులు వేయిస్తూనో ఉంటారు. 2007లో ఎల్బీ నగర్ పురపాలక సంఘం హైదరాబాదు మహానగరంలో కలిసింది. 2018 సెప్టెంబరులో మెట్రో రైలు ఇక్కడిదాకా వచ్చింది. స్థలాల ధరలు పెరిగాయి, ఇళ్ళ ఎత్తు పెరిగింది. లోపలి వీధుల వెడల్పు మాత్రం పెరగలేదు. ఆ ఇరుకు వీధిలోనే సెంట్రింగు కర్రలు, అక్కడే మన స్కూటర్లు, కార్లు. అటువంటప్పుడు ఎప్పుడో ఒకనాడు కర్ర జారుతుంది, రంగు చిందుతుంది, గ్రానైటు కోసిన నీళ్ళు బండి మీద పడతాయి.

ఈ మధ్య మన విశ్వాసుల కుటుంబం ఒకటి ఇంటికి రంగులు వేయించుకుంది. పని ముగిసి పరంజా విప్పుతుండగా ఒక కర్ర జారి గేటు ముందున్న కారు మీద పడింది. బానెట్టు సొట్టపోయింది, ముందు అద్దం పగిలింది. బ్యాంకు వాయిదాలు ఇంకా తీరని కారు అది. ఇంటాయన కాంట్రాక్టరును పిలిపించాడు. "కర్ర దించింది నేనా? దించినవాణ్ణి అడగండి" అని ఆయన తప్పుకున్నాడు. దించినవాడు పాలమూరు వైపు నుండి వచ్చిన కుర్రవాడు. పనిలో చేరి ఇంకా వారం కాలేదు. "అయితే వాని కూలి ఆపు" అన్నాడు ఇంటాయన కోపంలో. కాంట్రాక్టరుకు కావలసింది కూడా అదే. ఆదివారం పూజ తరువాత ఆ ఇంటి తల్లి నన్ను అడిగింది: "ఫాదర్ గారూ, మా నష్టం మేము అడగడం పాపమా? క్షమించమంటారు సరే, వాయిదాలు ఎవరు కడతారు?"

న్యాయమైన ప్రశ్న. ఒక్క మాటలో "క్షమించు తల్లీ" అని పంపివేస్తే అది సగం జవాబే అవుతుంది. నష్టం అడగవచ్చా, ఎవరిని అడగాలి, ఎంత అడగాలి, ఎట్లా అడగాలి అని నాలుగు ప్రశ్నలు అందులో కలిసి ఉన్నాయి. ఒక్కొక్కటే చూద్దాం.

అడగడం పాపం కాదు

మోషే ధర్మశాస్త్రంలో ఒక చిన్న నియమం ఉంది. ఒకడు గోతిని త్రవ్వి దాని మీద మూత వేయకుండా వదలివేయగా, అందులో పొరుగువాని ఎద్దో గాడిదో పడి చస్తే, గోతి యజమాని దాని వెల చెల్లించాలి (నిర్గమ 21:33-34). ఆ రోజుల్లో రైతుకు ఎద్దు ఎట్లాంటిదో, ఈ రోజుల్లో ఉద్యోగానికి పోయేవానికి బండి అట్లాంటిది. గోతిని త్రవ్వినవానికి ఎద్దును చంపాలన్న ఉద్దేశం లేదు, మూత వేయకపోవడమే అతని తప్పు. అయినా చెల్లించాలి.

ప్రభువును ఇంటికి చేర్చుకున్న జక్కయ్య కన్నీళ్ళతో సరిపెట్టలేదు. ఎవరినైనా మోసగించి ఉంటే నాలుగంతలు తిరిగి ఇస్తానన్నాడు (లూకా 19:8). 1992లో వెలువడిన కతోలిక శ్రీసభ సత్యోపదేశ గ్రంథం కూడా, పాపం మన్నింపబడినా పొరుగువానికి కలిగిన హానిని సరిదిద్దే బాధ్యత మిగిలే ఉంటుందని బోధిస్తుంది (1459). కాబట్టి నష్టాన్ని పూడ్చమని అడగడం లోభమూ కాదు, పగ తీర్చుకోవడమూ కాదు. కాంట్రాక్టరుకు భయపడి నోరు మూసుకొని, దానికి క్షమ అని పేరు పెట్టుకోవడం కూడా సుగుణం కాదు. ఈ రోజు మన ఇంటి దగ్గర తప్పించుకున్నవాడు రేపు ఇంకొక ఇంటి దగ్గరా అట్లాగే తప్పించుకుంటాడు గదా.

ఎవరిని అడగాలి?

అసలు చిక్కు ఇక్కడుంది. మన కోపం చేతికి అందినవాని మీదకే పోతుంది. చేతికి అందేవాడు ఎప్పుడూ అందరికంటే చిన్నవాడే. నిచ్చెన మీద ఉన్న కుర్రవాడు, అడ్డా మీద నుండి ఆ పూట పిలుచుకొచ్చిన కూలీ, బొచ్చె మోసిన తల్లి. వీరిలో ఎవరితోనూ మనం ఒప్పందం చేసుకోలేదు. పనిని ఒప్పుకున్నవాడు, లాభం తీసుకొనేవాడు, ఎంతమందిని పెట్టాలో, తాడు కట్టాలా వద్దా అని నిర్ణయించేవాడు కాంట్రాక్టరు. లాభం ఆయనది, నష్టం కూలివానిది అంటే అది ఏ తక్కెడలోనూ తూగదు.

పునీత పౌలుగారు ఫిలేమోనుకు వ్రాసిన లేఖను చూడండి. ఒనేసిము వల్ల నీకేదైనా నష్టం కలిగితే, అతడు నీకేదైనా బాకీ ఉంటే, అది నా లెక్కలో వేయి, నేను తీరుస్తాను అని తన చేతితో వ్రాసి ఇచ్చారు (ఫిలే 18-19). తన వెంట ఉన్నవాని బాకీని తన మీద వేసుకోవడం పెద్దవాని లక్షణం. మేస్త్రీలకు, కాంట్రాక్టర్లకు ఇంతకంటే మంచి పాఠం లేదు.

కూలి సంగతిలో పవిత్ర గ్రంథం ఏమాత్రం మెతకగా మాట్లాడదు. పేద కూలివాని కూలిని ప్రొద్దు గ్రుంకక ముందే ఇవ్వాలి, అతని ప్రాణం దాని మీదనే ఆధారపడి ఉంది అంటుంది ద్వితీయోపదేశకాండం (24:14-15). చెల్లించని కూలి తానే మొరపెడుతుందనీ, ఆ మొర దేవుని చెవిని చేరుతుందనీ పునీత యాకోబుగారు హెచ్చరించారు (యాకో 5:4). 1891లో 13వ సింహరాయ (లియో) జగద్గురువులు కార్మికులను గూర్చి వ్రాసిన విశ్వలేఖలో, కూలిని అపహరించడం ఘోరమైన నేరమని ఇదే మాటను ఎత్తి చూపారు. మన దేశపు చట్టం సంగతి చూచినా, 1936 నాటి వేతన చెల్లింపు చట్టమూ, దాని స్థానంలో వచ్చిన 2019 వేతన నియమావళీ ఒక సంగతిలో ఏకమవుతాయి. పనివాని నిర్లక్ష్యం వల్లనే నష్టం కలిగిందని తేలకుండా, అతని సంజాయిషీ వినకుండా, వేతనంలో కోత పెట్టకూడదు.

మరి పనివానికి ఏ బాధ్యతా లేదా? ఉంది. తాగి పనికి వచ్చి, లేదా వద్దన్నా వినకుండా విసరివేసి పాడుచేస్తే అతని అంతరాత్మ మీద బరువు ఉంటుంది. తెలిసి చేసిన తప్పునూ, చేయి జారి కలిగిన ప్రమాదాన్నీ కతోలిక నీతిశాస్త్రం ఎన్నడూ ఒకే తూకం వేయలేదు. ఆ పాలమూరు కుర్రవాడు చేసింది రెండవది.

ఎంత అడగాలి?

గోతిలో పడిన ఎద్దు సంగతిలో మనం సాధారణంగా గమనించని మాట ఒకటుంది. వెల చెల్లించిన తరువాత చచ్చిన ఎద్దు చెల్లించినవానిదే అవుతుంది. అంటే నష్టపోయినవానికి పూర్తి వెలా, ఎద్దు తోలూ రెండూ దక్కవు. అతడు మునుపటి స్థితికి రావాలి, అంతకంటే పైకి కాదు. పునీత తోమాసు అక్వినాసుగారు కూడా ఇదే తేల్చారు. నష్టాన్ని పూడ్చడమంటే చెదిరిన సమానత్వాన్ని తిరిగి నిలపడం. దానికి మించి దండన వేయడం న్యాయాధిపతి పని, మన పని కాదు.

ఈ సూత్రాన్ని మన గేటు ముందుకు తీసుకురండి. ఒక తలుపు మీద గీత పడితే ఆ తలుపుకు రంగు అడగండి. పాత సొట్టలన్నీ ఆ లెక్కలోకి ఎక్కించి బండి మొత్తానికి కొత్త రంగు అడిగితే అది దొంగతనమే. భీమా విషయంలో ఇంకా జాగ్రత్త అవసరం. మూడవ పక్షానికి మాత్రమే వర్తించే పాలసీ ఉంటే మన సొంత బండి నష్టానికి అందులో ఏమీ రాదు. సమగ్ర పాలసీ ఉంటే వస్తుంది. కాని మామూలు పాలసీలో ప్లాస్టిక్కు, రబ్బరు భాగాలకు సగం విలువ తగ్గిస్తారు, అద్దానికి తగ్గించరు. ఒకసారి పరిహారం తీసుకుంటే, క్లెయిము లేనందుకు ఏటా వచ్చే రాయితీ పోతుంది. కాబట్టి కంపెనీ ఇవ్వని సొమ్మూ, పోయిన రాయితీ కాంట్రాక్టరును అడగవచ్చు. కంపెనీ ఇచ్చిన సొమ్మును కూడా మళ్ళీ ఆయన దగ్గర రాబడితే, ఒకే నష్టానికి రెండు చేతులా తీసుకున్నట్లు. "నేనే గోడకు కొట్టాను" అని ఫారంలో వ్రాస్తే అది ఎనిమిదవ ఆజ్ఞకు విరుద్ధం.

మన పాలు ఎంతో కూడా చూసుకోవాలి. అరువు తెచ్చిన పశువు యజమాని దగ్గర లేనప్పుడు దెబ్బతింటే తెచ్చినవాడు చెల్లించాలి. యజమాని దగ్గరుండగా జరిగితే చెల్లించనక్కరలేదు అంటుంది నిర్గమకాండం 22వ అధ్యాయం. "కారు తీయండి సార్" అని మేస్త్రీ ముందుగా చెప్పినా, "ఏం కాదులే, కానివ్వు" అన్నది మనమే అయితే నష్టమంతా ఆయన మీద వేయడం న్యాయమా? ఆ అధ్యాయం ముందు పెట్టుకొని మీరే చెప్పండి.

ఎట్లా అడగాలి?

ప్రభువు మనకొక వరుస నేర్పారు. నీ సహోదరుడు తప్పు చేస్తే ముందు ఒంటరిగా వెళ్ళి మాట్లాడు, వినకపోతే ఇద్దరు ముగ్గురిని తీసుకొనిపో, అప్పటికీ వినకపోతే సంఘానికి తెలుపు (మత్త 18:15-17). అదే వరుసలో నడవండి. నష్టం జరిగిన రోజే ఫోటోలు తీయండి. సిమెంటు నీళ్ళు పడితే ఎండిపోయేదాకా ఆగకుండా, గుడ్డతో రుద్దకుండా, ధారాళంగా నీళ్ళు పోసి కడగండి. రుద్దితే ఇసుక గీతలు అదనం. వీధిలో నలుగురి ముందు అరవకుండా కాంట్రాక్టరును ఇంట్లో కూర్చోబెట్టి, మెకానిక్కు వ్రాసిన అంచనా ముందు పెట్టి మాట్లాడండి. వినకపోతే కాలనీ సంఘం పెద్దలను ఇద్దరిని పిలవండి. చివరి బిల్లులో ఆ మేరకు మినహాయించడానికి ఆయన ఒప్పుకుంటే మంచిదే. అయితే పనివాళ్ళకు కూలి ముట్టిందో లేదో ముందు కనుక్కోండి. లేకుంటే మనం ఆపిన సొమ్ము తిరిగి తిరిగి మళ్ళీ ఆ కుర్రవాని మీదనే పడుతుంది.

అప్పటికీ కాకపోతే చట్టాన్ని ఆశ్రయించడం విశ్వాసికి నిషేధం కాదు. గృహనిర్మాణం కూడా సేవ క్రిందకే వస్తుందని సుప్రీంకోర్టు 1993లోనే తీర్పు చెప్పింది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం, సేవ చేసేవాని నిర్లక్ష్యం వల్ల కలిగిన నష్టం కూడా సేవాలోపమే. రెండేళ్ళలోగా జిల్లా కమిషన్‌లో ఫిర్యాదు చేయాలి. పనికి చెల్లించిన సొమ్ము 5 లక్షల లోపైతే ఫిర్యాదుకు రుసుము లేదు. 1915 నంబరుకు ఫోను చేసి సలహా అడగవచ్చు. రంగారెడ్డి జిల్లా న్యాయస్థానాలు మన ఎల్బీ నగర్‌లోనే ఉన్నాయి. లోక్ అదాలత్‌లో రాజీ కుదిరితే అదే తుది తీర్పు, అప్పీలు ఉండదు. న్యాయస్థానానికి పోయే త్రోవలోనే ప్రతివాదితో సమాధానపడమన్న ప్రభువు మాటను (మత్త 5:25) అక్కడ గుమ్మం దగ్గరైనా గుర్తు చేసుకోండి.

పొరుగువాని బండి

ఇంతవరకు మన బండి సంగతి. మనం పిలిచిన పనివాళ్ళు పక్కింటివారి బండిని పాడుచేస్తే? అప్పుడు గోతి యజమానులం మనమే. "కాంట్రాక్టరును అడుగు" అని వేలు చూపకండి. ఆయన వారికి ఎవరో తెలియదు, మనం తెలుసు. ముందు మనమే వారి గుమ్మం తొక్కి, "బాగుచేయించే పూచీ మాది" అని చెప్పి, తరువాత కాంట్రాక్టరుతో మన లెక్క తేల్చుకుందాం. పని మొదలయ్యే ముందు రోజే వెళ్ళి "రేపటి నుండి బండి కొంచెం అవతల పెట్టుకోండి" అని చెప్పి, ఒక టార్పాలిన్ ఇస్తే ఇంకా మంచిది. బురుజు కట్టేవాడు ముందుగా కూర్చుండి లెక్క చూసుకుంటాడని ప్రభువు చెప్పారు (లూకా 14:28). పని ఒప్పందం కాగితం మీద పెట్టి, నష్టం జరిగితే ఎవరు భరించాలన్న ఒక్క వాక్యం అందులో చేర్చడం కూడా ఆ లెక్కలో భాగమే.

మన విచారణలో మేస్త్రీలు, పెయింటర్లు, టైల్స్ పనివారు, కాంట్రాక్టర్లు ఎందరో ఉన్నారు. మీకు ఒక మాట. గీత పడితే యజమాని చూడకముందే మీరే చెప్పండి. దుమ్ము పూసి కప్పిపెట్టిన గీత మొదటి వానకే బయటపడుతుంది, దానితో పాటు మీ పేరూ పోతుంది. నజరేతులో మన ప్రభువును ఊరివారు గుర్తుపట్టినది వడ్రంగిగానే (మార్కు 6:3). 1955లో 12వ భక్తినాథ (పయస్) జగద్గురువులు మే 1వ తేదీని కార్మికుడైన పునీత జోజప్పగారి పండుగగా నెలకొల్పారు. మీ పనిముట్లు పరిశుద్ధ కుటుంబం ఎరిగిన పనిముట్లే.

ఆ తల్లికి నేను చెప్పింది ఇదే. సోమవారం నాడే ఇంటాయన కాంట్రాక్టరును పిలిచి, ముందు ఆ కుర్రవాని వారం కూలి తన ఎదుటే ఇప్పించాడు. తరువాతే కారు మాట ఎత్తాడు. అద్దం భీమా క్రింద, బానెట్టు కాంట్రాక్టరు ఖర్చు క్రింద అని కుదిరింది. కారు తీయకుండా వదిలింది తానే గనుక, పోయిన రాయితీ తానే భరించాడు. ఎవరికీ పూర్తి సంతోషం కలగలేదు, కాని ఎవరికీ అన్యాయమూ జరగలేదు.

క్షమకు చోటు ఎక్కడ అంటారా? న్యాయంగా ఎవరు ఎంత బాకీ ఉన్నారో తేలిన తరువాత, తీర్చలేని పేదవానికి మనస్ఫూర్తిగా వదలివేయడమే క్షమ. మనకు రావలసినదాన్ని మనం వదులుకోవచ్చు, దానికి దేవుడు ప్రతిఫలమిస్తాడు. కూలివానికి రావలసినదాన్ని వదిలివేసే హక్కు మాత్రం మనకు లేదు.

సొట్టపోయిన రేకును డెంటరు సరిచేస్తాడు. కూలి లేకుండా ఊరికి పోయినవాని మనస్సును సరిచేసే షెడ్డు ఎక్కడా లేదు. మీ ఇళ్ళను, వాటిని కట్టిన చేతులను, మీ రాకపోకలను దేవుడు దీవించి కాపాడును గాక! ఆమెన్.